మెనెగో బావగారి నాలుక

మెనెగోకి ఈ లోకంలో ఒక్క తన నాలుకమీద తప్ప ఇంక దేనిమీదా నమ్మకం లేదు. కళ్ళు మోసపోతాయి, చెవులు ఎవరేం చెబితే అదే వింటాయి, మనుషుల సంగతి సరేసరి, నాలుక ఒక్కటే ఉన్నమాట చెబుతుంది అనేవాడు. అందుకని మొరీనా పల్లెలో ఆయన రుచి చూడని వస్తువంటూ లేదు. తలుపు గొళ్ళెం, ఆరేసిన వల, పడవ తెడ్డు, కుక్క కాలు, పక్కవాడి బూటు, ఏదైనా సరే చూపుడువేలితో ఒక్కసారి రాసి, ఆ వేలు నాలుక కొసన పెట్టుకుని, కళ్ళు సగం మూసి "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ" వినపడితే ఏ పాపం ఎరగనివాడికి కూడా ఏదో చేసేశానన్న దిగులు పట్టుకునేది.

ఆయన వెతికేది ఉప్పుకోసం. గ్రాదో దగ్గరి సముద్రపు కయ్యలోకి ఎవరో పనిగట్టుకుని ఉప్పు మోసుకొచ్చి పోస్తున్నారని ఆయన అనుమానం.

"సముద్రం పక్కన కూచుని ఉప్పెవడు తెచ్చాడంటావేమిటన్నయ్యా? చేప లేచి నీళ్ళమీద ఫిర్యాదు చేసినట్టుంది" అనేవాడు తమ్ముడు తుల్లియో.

"చేప ఫిర్యాదు చెయ్యదు కాబట్టే రోజూ వలలో పడుతోంది" అనేవాడు మెనెగో.

తుల్లియో భార్య నీవెస్‌కి ఈ నాలుక సంగతి కాపరానికొచ్చిన రోజే తెలిసింది. ఆమె పుట్టిల్లు అఖాతానికి అవతలి ఒడ్డున పిరాన్ దగ్గర. తండ్రి ఉప్పుమళ్ళు చేసేవాడు. కొత్తపెళ్ళికూతురు పడవ దిగి ఒడ్డున కాలు పెట్టిందో లేదో, బావగారు ఎదురొచ్చి, పలకరింపైనా లేకుండా వంగి ఆమె పెట్టె మూలమీద వేలు రాసి నాలుకమీద పెట్టుకున్నాడు.

"ఊఁ. ఉప్పుమళ్ళ పిల్ల. ఒరే తుల్లియో, ఇంకెక్కడా పిల్ల దొరకలేదట్రా?"

"పెట్టెలో దుప్పట్లే ఉన్నాయి బావగారూ" అంది నీవెస్, తల వంచుకుని.

"దుప్పట్ల కింద?"

"దిండ్లు."

"దిండ్లలో?"

"బాతు ఈకలు."

నమ్మలేదు. ఒక దిండు మూల విప్పించి, ఈక లాగి రుచి చూశాకే దారి వదిలాడు. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆమె పేరు ఆయన నోట "ఉప్పుమళ్ళ పిల్ల"గానే ఉండిపోయింది. తనకి మాత్రం పెళ్ళి వద్దన్నాడు. ఎవరి చేతి వంటో తిని కళ్ళు మూసుకుని నిద్రపోయేంత ధైర్యం తనకి లేదన్నాడు. అలా అన్నవాడు రోజూ మధ్యాహ్నం నీవెస్ వంటే తినేవాడు. వెల్లుల్లి మాడ్చి, వినిగర్ పోసి ఆమె వండే చేపల బొరేటో ముందు పెడితే, పులుసులో వేలు ముంచి, ఆమెకేసి అదోలా చూసి, "ఊఁ, ఉప్పు" అనేవాడు. తరవాత మొక్కజొన్నపిండి పొలెంటా ముద్దతో పళ్ళెం అద్దంలా తుడిచేవాడు. ఆ పళ్ళెం కడగాలో, అలాగే అరమీద పెట్టాలో నీవెస్‌కి ఎప్పుడూ సందేహమే.

అయితే మెనెగో అనుమానానికి అసలు కారణమే లేదనడానికి వీల్లేదు.

మొరీనా చుట్టూ కయ్యలో చిన్నచిన్న పర్రలున్నాయి. పోటులో మునిగి, పాటులో తేలే మట్టిదిబ్బలు. పల్లెలో ఇంటికొక పర్ర. వాటిమీద పర్రపువ్వు పూస్తుంది. సన్నటి కాడ, చిట్టిచిట్టి ఊదాపూలు, కోసి ఎండబెట్టినా ఏడాది పొడుగునా రంగు పోదు. ఆగస్టు నెలాఖరు ఆదివారం మరియమాత పండగనాడు ఎవరి పర్రలో పువ్వు వాళ్ళు కోసి, గుత్తిగా పడవ ముక్కుకి కట్టి, వరసగా మాత లంకకి వెళ్ళాలి. తిరిగొచ్చాక ఆ గుత్తి పొయ్యిపైన వేలాడుతూ ఇంటిని కాస్తుంది. పక్కవాడి పర్రలో పువ్వు కొయ్యడం పక్కవాడి కంచంలో చెయ్యి పెట్టడంకంటే తప్పు. పువ్వు లేని పడవ వరసకి అన్నిటికన్నా వెనక, ఎవరి ముఖమూ చూడకుండా రావాలి.

ఆ పువ్వులు తగ్గిపోతున్నాయి. ఉప్పునీళ్ళలో పుట్టి ఉప్పుగాలి పీల్చి పెరిగే మొక్కలకే ఉప్పు ఎక్కువైపోయింది. పచ్చగా ఉండే పర్రలు మధ్యలో బట్టతల పడుతున్నాయి. ఎండాకాలం వస్తే ఆ బట్టతలమీద తెల్లగా చౌడు తేలి, దూరంనించి చూస్తే ఎవరో పిండి జల్లినట్టుంటుంది. తక్కినవాళ్ళు చూసి, నిట్టూర్చి, మాత దయ అనుకున్నారు. మెనెగో ఒక్కడు దొంగని వెతకడం మొదలుపెట్టాడు.

మొదట దొరికింది ఇలేనియా. త్రియెస్తెలో పెద్ద చదువు చదివిన అమ్మాయి, పర్రల మట్టి పరీక్షించడానికి సీసాలూ, చిన్న పెట్టే పట్టుకుని వచ్చింది.

"ఏమిటమ్మా పట్టుకుపోతున్నావ్?" అన్నాడు మెనెగో, పడవ అడ్డం పెట్టి.

"మట్టి పెద్దాయనా. పరీక్షకి."

"మా మట్టికి పరీక్షలేమిటి? అదేమైనా బడికెళ్ళిందా?"

"ఉప్పెంతుందో చూడాలి. ఇదిగో, ఈ పెట్టె చెబుతుంది."

"ఆ పెట్టె ఎవరు చేశారు?"

"జర్మనీవాళ్ళు."

"వాళ్ళకి మన ఉప్పుతో ఏం పని?"

ఇలేనియా నవ్వి, పెట్టెకున్న పుల్ల మట్టిలో గుచ్చింది. ఈలోగా మెనెగో చిటికెడు మట్టి నోట్లో వేసుకున్నాడు. "ఊఁ. పోయిన నెలకంటే ఎక్కువ" అన్నాడు. పెట్టె కూడా అదేమాట చెప్పింది. పాపం ఆ పిల్ల సంతోషపడి, చూశారా, మీదీ మాదీ ఒకటే మాట అంది. మెనెగో పెట్టెని అటూ ఇటూ తిప్పి చూసి, "నన్ను చూసి రాసింది" అన్నాడు.

ఆ మధ్యాహ్నం నీవెస్ ఆ అమ్మాయిని భోజనానికి పిలిచింది. పొయ్యిమీద బొరేటో ఇగురుతోంటే ఇలేనియా విడమరిచి చెప్పింది. ఎగువన ఎవరో చేపల చెరువులకని పొడుగాటి కట్ట వేశారు. దాంతో ఏటి మంచినీళ్ళు ఇటు రావడం తగ్గింది. లోపలి పర్రలమీదికి పోటునీళ్ళు ఎక్కుతాయి గాని సరిగా వెనక్కి దిగవు. వానలా, కరువు. నీళ్ళు అక్కడే నిలిచి ఆవిరైపోతే, ఉప్పు మట్టిలో మిగిలిపోతుంది.

నీవెస్ గరిటె ఆపి ఆలోచించింది. "అంటే ఉప్పుమడే కదమ్మా. మా నాన్న నడుములు పడేలా కష్టపడి చేసింది, ఇక్కడ దానంతటదే అవుతోందన్నమాట."

గుమ్మంలోనుంచి "ఊఁ" వినపడింది. మెనెగో ఎప్పట్నుంచి నిలబడ్డాడో.

"విన్నావుట్రా తుల్లియో? ఉప్పుమళ్ళ పిల్ల ఒప్పేసుకుంది."

రెండో దొంగ సాక్షాత్తూ చర్చిలోనే దొరికాడు. ఒక ఆదివారం మెనెగో గుమ్మం దగ్గర తీర్థంలో వేళ్ళు ముంచి, నుదుట శిలువ గుర్తు వేసుకోబోతూంటే, చెయ్యి అలవాటుగా నోటికి పోయింది. అక్కడే రాయిలా నిలబడిపోయాడు. పూజ అయ్యేదాకా ఓపికపట్టి, డాన్ లీవియో ఫాదర్ని పక్కకి పిలిచాడు.

"ఫాదర్, ఇందులో ఉప్పుంది."

"ఉంటుంది మెనెగో. పాత పద్ధతి. ఉప్పు మంత్రించి కలుపుతాం. చెడుగాలి దరికి రాదని."

"పండగనాడు పర్రలమీద చల్లేది ఈ నీళ్ళేనా?"

"ఈ నీళ్ళే."

"ఎప్పట్నుంచి చల్లుతున్నారు?"

"నేనొచ్చిన దగ్గర్నుంచీ. నాకంటే ముందున్న ఫాదర్ కూడా."

"అంటే ఇద్దరూనన్నమాట."

"చిటికెడయ్యా మెనెగో. పీపాడు నీళ్ళకి ఒక్క చిటికెడు."

"చిటికెళ్ళు కలిస్తేనే బస్తా అవుతుంది ఫాదర్."

డాన్ లీవియో మెత్తటి మనిషి. ఎవరి మనసు నొప్పించినా ఆయనకి ఆ పూట అన్నం సయించదు. ఆ తరవాత ఆదివారంనుంచి మెనెగో ముందు బల్లమీద కూచుని, ఫాదర్ వేళ్ళనే కనిపెట్టి చూడసాగాడు. ఉప్పుగురించి ప్రభువు చెప్పిన మాట చదవవలసిన వారం వచ్చేసరికి, డాన్ లీవియో పదిమార్లు గొంతు సవరించుకుని, ఆ మాట ఎలాగో గబుక్కున దాటించి, దాని తరవాతొచ్చే దీపం మాటమీదికి వెళ్ళిపోయి, పూజ అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇక మూడో దొంగ, అందరికన్నా పెద్ద దొంగ, జోర్జా.

జోర్జా పర్ర మెనెగో పర్ర వెనకాలే, కట్ట వైపున ఉంటుంది. అందుచేత పండగ వరసలో వాళ్ళిద్దరి పడవలూ ఎప్పుడూ పక్కపక్కనే. మొరీనానుంచి మాత లంకదాకా దారిపొడుగునా పోట్లాడుకుంటూ వెళ్ళడం వాళ్ళకి ఏటేటా మొక్కులాంటిది. ఆ గొంతులు మునిగిపోవాలని డాన్ లీవియో జపమాల గట్టిగా చెప్పించేవాడు. మిగతా ఊళ్ళవాళ్ళు మొరీనా భక్తి చూడండి, ఎంత గట్టిగా ప్రార్థిస్తారో అని మెచ్చుకునేవారు.

జోర్జాకి మొగుడు పోయాడు, పిల్లలు లేరు, మోకాళ్ళు వంగవు, నోరు మాత్రం బాగా వంగుతుంది. ప్రతి శుక్రవారం చిన్నచేపలు వేయించి, ఉల్లిపాయా వినిగరూ పోసి ఊరబెట్టి, గిన్నెడు నీవెస్ చేతికిచ్చేది. "పిల్లికి వేద్దామనుకున్నాను. పిల్లి ఎటో పోయింది. మీ బావగారికి పెట్టు" అనేది. ఆమెకి పిల్లి లేదని పల్లెలో అందరికీ తెలుసు. మెనెగో ఆ గిన్నెలో వేలు పెట్టి, "ఊఁ. నన్ను ఉప్పుతో చంపుదామనుకుంటోంది" అనేవాడు. ఒక్క చేప మిగల్చకుండా తిని, సాక్ష్యం మాయం చేశానని చెప్పేవాడు.

ఆ ఏడాది జులైలో నీవెస్ గాలాలు వేసి వస్తూ జోర్జా పర్ర పక్కనుంచి వెళ్ళింది. వెళ్ళి, గెడ నీళ్ళలో ఆనించి ఆగిపోయింది. పర్రంతా తెల్లగా పొక్కులు లేచి ఉంది. ఎండుపుల్లలు తప్ప ఇంకేం లేవు. పువ్వు మాట దేవుడెరుగు, పచ్చని ఆకైనా లేదు.

ఆ సాయంత్రం చెబుదామనే జోర్జా ఇంటికి వెళ్ళింది. ముసలామె గుమ్మంలో కూచుని, గుత్తి కట్టే పాత ఎర్రరిబ్బను ఉతికి, తొడమీద పరిచి అరచేత్తో సాపు చేస్తోంది.

"మా పర్ర చూశావుటే నీవెసూ? మొగ్గ తొడిగిందా?"

నీవెస్‌కి అబద్ధం అలవాటు లేదు. నిజం నోట రాలేదు. "ఇంకా టైముంది కదా వదినా" అంది.

"నాకు పెళ్ళయినప్పట్నుంచీ నా పడవ ఒక్కసారి వెనక పడలేదు. ఇప్పుడీ వయసులో వెనక పడ్డానంటే ఆ మెనెగోగాడి వీపు చూస్తూ వెళ్ళాలి. అంతకంటే మాత దగ్గరికే వెళ్ళిపోవడం నయం" అని నవ్వింది జోర్జా.

నీవెస్ ఇంటికొచ్చి జపమాల పట్టుకుంది. ముందు పూసమీదే వేళ్ళు ఆగిపోయాయి.

సరిగ్గా ఆ రోజుల్లోనే మెనెగో కొత్త చాటింపు వేశాడు. తన పర్రలో ఎవరో దూరి మొక్కలు పెళ్ళగించుకుపోతున్నారట. మట్టితో సహా గుంటలు పడి ఉన్నాయట. ఆదివారం పూజ అయ్యీ కాకముందే చర్చి గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళ బూట్లు చూడసాగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఏ తప్పూ చెయ్యనివాళ్ళు కూడా కాళ్ళు వెనక్కి లాక్కుని నడిచారు.

"నీ బూట్లు చూపించు జోర్జక్కా."

"నడవలేనిదాన్ని, నీ పర్రకి ఎగిరొచ్చానట్రా?"

"నువ్వు రాకపోతే ఎవర్నో పంపుంటావు."

"ఒరే అబ్బాయ్, నీ ఇంట్లోనే వెతుక్కో. ఇంటిదొంగని దేవుడైనా పట్టలేడంటారు."

మెనెగో చటుక్కున ఊరుకున్నాడు. ఆయన మాటకి మాట చెప్పకుండా ఊరుకోవడం నీవెస్ అంతకుముందెప్పుడూ చూడలేదు. తేలు కుట్టిన దొంగలా ఉన్నాడే అనిపించింది. అలా అనిపించినందుకు తనని తనే తిట్టుకుంది. కాని అనుమానం చౌడులాంటిది. ఒకసారి పైకి తేలిందంటే ఎంత తుడిచినా పోదు.

డాన్ లీవియో దగ్గర ఇంకో చిక్కు తేలింది. చర్చి కప్పుమీద పడే వాననీళ్ళు పట్టడానికి పెరట్లో పెద్ద పీపా ఉంది. ఆయన టమాటా మొక్కలకి ఆ నీళ్ళే ఆధారం. వాన పడ్డ వారానికే పీపా ఖాళీ అవుతోంది.

"కారుతోందేమో ఫాదర్" అంది నీవెస్.

"కింద నేల పొడిగానే ఉందమ్మా. ఎవరో దాహంగొన్నవాళ్ళు తాగుతున్నారేమో. తాగనీ" అన్నాడాయన, వాడిపోయిన టమాటాలకేసి చూస్తూ.

ఆ మరుసటి ఆదివారం ప్రసంగం మొదలుకాగానే నీవెస్ తల తిప్పి చూసింది. ముందు బల్లమీద మెనెగో లేడు. ఫాదర్ని కాపలా కాయడం మానేసి ఎక్కడికి పోయినట్టు? పూజ ముగిసేసరికి మళ్ళీ గుమ్మం దగ్గర ఉన్నాడు, అందరి బూట్లూ చూస్తూ. ఆయన బూట్లు ఎవరూ చూడలేదు. నీవెస్ చూసింది. మడమదాకా బురద.

మధ్యాహ్నం ఆయన పొలెంటా తింటోంటే, ఆ బూట్లు గుమ్మం బయట ఉన్నాయి. నీవెస్ వీధి అటూ ఇటూ చూసింది. శిలువ గుర్తు వేసుకుంది. గబుక్కున వంగి, బురదమీద వేలు రాసి, నాలుకమీద పెట్టుకుంది.

ఉప్పుమళ్ళలో పుట్టిన నాలుక అది. పోటు కడిగే బావగారి పర్ర మట్టి రుచి ఆమె ఎరుగును. ఇది అది కాదు. చేదెక్కి గొంతులో గుచ్చుకునే ఉప్పు. జోర్జా పర్ర ఉప్పు.

"ఏం చేస్తున్నావే?" అన్నాడు లోపల్నుంచి తుల్లియో.

"ఏం లేదు, చెప్పులు సర్దుతున్నాను" అంది నీవెస్. జోర్జా పర్రలో మిగిలిన ఆ నాలుగు వేర్లు కూడా బావగారే పీకేస్తున్నారా? పండగలో ముసలామెని వెనకపడేసి తను గెలవాలనా? అందరిమీదా అరిచేది తనమీద చూపు పడకుండానా? ఆయన అందరినీ అనుమానిస్తాడని నవ్వుకున్న మనిషి, అన్నం సయించక, ఆయన్నే అనుమానిస్తూ ఆ వారమంతా గడిపింది.

పై ఆదివారం డాన్ లీవియో ప్రసంగానికి లేవగానే నీవెస్ తలమీద గుడ్డ సర్దుకుని, మాతకి మనసులోనే క్షమాపణ చెప్పుకుని, పక్క తలుపులోంచి బయటపడింది. పాటు తీసి ఉంది. పడవ తోసుకుని, గెడ చప్పుడు కాకుండా వేసుకుంటూ జోర్జా పర్ర దాకా వెళ్ళి, రెల్లు చాటున ఆగింది.

మెనెగో బురదలో మోకాళ్ళమీద ఉన్నాడు. పక్కన వెడల్పాటి తట్ట. తట్టలో, మట్టిగడ్డతో సహా పెళ్ళగించిన పర్రపువ్వు మొక్కలు. చౌడు తేలిన పైపొర పారతో చెక్కి పక్కకి తోశాడు. గుంట తీసి, మొక్క దింపి, చుట్టూ తన పర్ర మట్టి అదిమి, డబ్బాతో వాననీళ్ళు పోశాడు. అప్పటికే నాటినవి ఆ చివరనుంచి ఈ చివరకి ఒక వంకరవరసలో నిలబడి ఉన్నాయి. కొన్ని ఎండిపోయాయి. కొన్ని మొగ్గ తొడిగాయి. ఆయన వాటితో మాట్లాడుతున్నాడు.

"బతికినట్టు నటించకు. వేరు పట్టుకో. నీమీద నాకు నమ్మకం లేదు. వెనక్కి తిరగ్గానే వాలిపోతావని నాకు తెలుసు."

నీవెస్‌కి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి తుమ్ములా బయటికొచ్చాయి.

మెనెగో పార పట్టుకుని లేచాడు. "ఎవరది?"

"నేనే బావగారూ."

"ఉప్పుమళ్ళ పిల్ల. అనుకుంటూనే ఉన్నాను." బురదచేతులు వెనక దాచుకున్నాడు, అదేదో బురద లేనట్టు. "పూజ ఎగ్గొట్టి వచ్చావా?"

"మీరు?"

మెనెగో తట్టని కాలితో వెనక్కి నెట్టాడు.

"మీ పర్రలో దొంగ మీరేనన్నమాట."

"నా పర్ర. నా ఇష్టం."

"మరి ఊళ్ళోవాళ్ళందరి బూట్లూ ఎందుకు చూశారు?"

"చూడకపోతే వాళ్ళు నా బూట్లు చూసేవాళ్ళు. నన్ను చూసి జడుసుకుని ఇటువైపెవరూ రావడం లేదు కదా. లేకపోతే జోర్జా పర్ర బట్టతలైందని ఈపాటికి ఆవిడ చెవిన పడేది."

నీవెస్ పడవ దిగి, చీలమండదాకా బురదలో దిగబడుతూ దగ్గరికొచ్చింది. "పైకి ఆవిణ్ణి తిడతారు. చాటుగా ఇదా? ఎందుకు బావగారూ?"

మెనెగో నీళ్ళ డబ్బా మూత తిప్పుతూ నిలబడ్డాడు. "ఆవిడ వెనక్కి పోతే, దారంతా నేనెవరితో పోట్లాడను? లంకదాకా ఆ లీవియో జపమాల వింటూ కూచోవాలా?"

"ఒకరి పర్ర పువ్వు ఇంకొకరు తేకూడదు కదా. తప్పు కాదా?"

"పువ్వు తెచ్చానా? వేరుతో, మట్టితో తెచ్చాను. ఆవిడ నేలలో పెట్టాక ఆవిడదే. కోడలు కాపరానికొచ్చాక ఇంకా పుట్టింటి పేరు పెట్టి పిలుస్తామా?"

"మరి నన్నింకా ఉప్పుమళ్ళ పిల్లంటారేం?"

మెనెగో ఆమెకేసి చాలా సేపు చూశాడు. "నీ సంగతి వేరు. నీమీద అనుమానం ఇంకా తీరలేదు" అన్నాడు. అని, పార ఆమె చేతిలో పెట్టాడు. "ఊరికే నిలబడితే కాళ్ళు దిగబడతాయి. ఆ చివర చెక్కు."

అడుసు తొక్కనేల కాలు కడగనేల అనుకునే నీవెస్, ఆ రోజు పీపా దగ్గర చాలాసేపు కాళ్ళు కడుక్కుంది.

పండగ పొద్దున ఆమె వెళ్ళి జోర్జా పర్రలో గుత్తి కోసింది. పెద్ద గుత్తి కాదు గాని, గుత్తే. ముసలామె దాన్ని ఎర్రరిబ్బనుతో కట్టి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది. తిప్పి చూసింది. తుల్లియో ఆవిడ పడవకి గెడ పట్టాడు, నీవెస్ పక్కన కూచుంది.

అప్పుడు మెనెగో పడవ వచ్చింది. ముక్కున పువ్వు లేదు. తన పర్రలో ఉన్నదంతా ఇటు మోసేశాడు. మిగిలిన కాస్తా ఎండకి పోయింది. ఆ సంగతి ఆలోచించనందుకు నీవెస్ నాలుక కరుచుకుంది.

"నీ పువ్వేదిరా మెనెగో?" అంది జోర్జా.

"దొంగలెత్తుకుపోయారు. నీకు తెలియనట్టు అడుగుతావేం?" అని, తల ఎత్తుకునే, పడవ తిప్పుకుని వరస చివరికి వెళ్ళిపోయాడు.

వరస కదిలింది. డాన్ లీవియో జపమాల ఎత్తుకున్నాడు. ఆ ఏడు ప్రతి మాటా నీళ్ళమీద స్పష్టంగా వినపడింది. మొరీనా జనానికి అది వింతగా ఉంది. ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. డాన్ లీవియో కూడా పోట్లాట లేని జపం అలవాటు లేక, ఎన్నో పూసమీద ఉన్నాడో మరిచిపోయి మొదటికొచ్చాడు.

"తుల్లియో, ఆపు" అంది జోర్జా.

"వరస తప్పిపోతాం అక్కా."

"నా మోకాళ్ళకి ఈ వేగం పడదు. వెనక్కి పోనీ."

ఒక్కొక్క పడవే దాటుకుపోయింది. చివరికి మెనెగో పడవ పక్కకొచ్చింది. జోర్జా తన గుత్తి రిబ్బను విప్పి, పువ్వులు రెండు వాటాలు చేసి, ఒకటి ఆయన పడవలోకి విసిరింది.

"ఏమిటిది?"

"దొంగసొత్తు. మా పర్ర పువ్వు వెలిసిన ఊదా. ఇది చిక్కటి ఊదా. ఇన్నేళ్ళూ నీ పడవ పక్కనే కూచుని వెళ్ళాను, నీ పువ్వు నేనెరగనట్రా? ఏదీ, నీ బూట్లు చూపించు."

మెనెగో రెండు కాళ్ళూ బల్లకిందికి లాక్కున్నాడు.

జోర్జా తుల్లియోని పడవ ఆనించమంది. వంగని మోకాళ్ళమీద ఎలాగో వంగి, చెయ్యి చాచి, ఆ బూటుమీద చూపుడువేలు రాసి, నాలుక కొసన పెట్టుకుని, కళ్ళు సగం మూసింది.

"ఊఁ" అంది.

మెనెగో చెవులు ఎర్రబడ్డాయి. "అబద్ధం" అన్నాడు. "నీ నాలుక మంచిది కాదు. మొన్న నాకు పంపిన చేపల్లో ఉప్పు చూస్తేనే తెలిసింది."

"తిన్నప్పుడు తెలియలేదా?"

"సాక్ష్యం కోసం తిన్నాను."

"గిన్నె కూడా నాకేశావట. అదీ సాక్ష్యానికేనా?"

ముందు పడవలో డాన్ లీవియో వెనక్కి తిరిగి చూసి, ఊపిరి పీల్చుకుని, గొంతు పెంచాడు. పూసలు మళ్ళీ లెక్కకొచ్చాయి. లంక దగ్గర తీర్థం చల్లేటప్పుడు మెనెగో అలవాటుగా వేలు నాలుకమీద పెట్టుకుని ఆశ్చర్యపోయాడు. అందులో ఉప్పు లేదు. వట్టి వాననీళ్ళు. డాన్ లీవియో మాత్రం ఎటో కొంగలు చూస్తున్నాడు.

కట్ట సంగతి పెద్దవాళ్ళు ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. ఇలేనియా వాళ్ళకి చెబుతూనే ఉంది. మధ్యలో చలికాలం వెళ్ళిపోయి ఏప్రిల్ వచ్చింది. ఒక ఆదివారం మెనెగో చర్చి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ కదలకండి. నా పర్రలో మళ్ళీ ఎవరో దూరారు."

"ఏం పట్టుకుపోయారు బావగారూ?" అంది నీవెస్.

"పట్టుకుపోలేదు. పెట్టిపోయారు. పర్ర నిండా కొత్త మొక్కలు. ఒక్కో గడ్డ ఒక్కో రుచి. ఇందులో ఏదో పెద్ద కుట్ర ఉంది. బూట్లు చూపించండి."

పల్లెంతా ప్రార్థన పుస్తకాల్లో తలలు దూర్చింది. పుస్తకాలు పట్టుకున్న గోళ్ళన్నిటికింద నల్లటి మట్టి ఉంది. జోర్జా, మోకాళ్ళు లేవనివ్వక, బల్లమీంచే బూట్లు చాపింది. పెరట్లో పీపా మళ్ళీ ఖాళీ. డాన్ లీవియో తన బూట్లు నిలువుటంగీ కిందికి దాచుకోబోయాడు గాని, అంగీ అంచుకే బురద ఉంది.

మెనెగో వంగాడు. ఒక్కొక్క బూటే రుచి చూసుకుంటూ, ఎవర్నీ వదలకుండా, గుమ్మందాకా వచ్చాడు. నీవెస్ బూటు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు.

"ఊఁ" అన్నాడు. "నాకెవరిమీదా నమ్మకం లేదు. నీమీద అసలే లేదు నీవెసూ."

ఆయన నోట తన పేరు విని నీవెస్ తడబడింది. అప్పటికే ఆయన పక్కవాడి బూటు దగ్గరికి వెళ్ళిపోయాడు.